చెట్టు చెట్టుకూ ఆగేవాడు

పోయిన వారం ఖమ్మంలో మా చెల్లెలి కూతురికి కాన్పు అయింది. ఆడపిల్ల. రెండో రోజు పొద్దున నర్సు ఒక చిన్న పెట్టె, దానికి తగిలించిన వైరు పట్టుకొచ్చి పిల్ల కుడి అరచేతికి ఒక పట్టీ చుట్టింది. పెట్టెలో అంకె చూసి రాసుకుంది. తర్వాత అదే పట్టీ విప్పి పిల్ల పాదానికి చుట్టింది.

"చేతికి చూశావు కదమ్మా, మళ్లీ కాలికెందుకు?" అన్నాను. ఊరికే ఉండే నోరు కాదు నాది.

"చేతికీ కాలికీ తేడా ఉంటదేమోనని పెద్దమ్మా. కొంతమంది పిల్లలకు గుండె నుంచి కిందికొచ్చే పెద్ద రక్తనాళం పుట్టుకతోనే ఇరుకుంటది. పైకి రక్తం మంచిగనే పోతది, కిందికి సరిగ పోదు. పుట్టంగనే తెలిస్తే మంచిది కదా" అంది.

మా పిల్లకు తేడా ఏమీ లేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను టీ తాగొస్తానని చెప్పి వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. టీ తాగలేదు. నలభై దాటేదాకా చేతికీ కాలికీ తేడా ఎవరూ చూడని మనిషి ఒకడు నాకు తెలుసు. అతను పోయి ఏడాది కావస్తోంది.

అతని పేరు రాయను. నలుగురూ తన గురించి మాట్లాడుకోవడం అతనికి ఇష్టముండేది కాదు. మేమంతా మేస్త్రీ అనేవాళ్లం. దమ్మపేట దగ్గర మా నాన్న నాకిచ్చిన పదెకరాల పామాయిల్ తోట ఉంది. మా ఆయనకు సత్తుపల్లిలో ఎరువుల కొట్టు, ఆయన లోకం ఆయనది. తోట మంచీ చెడూ నేనే చూసుకుంటాను. పన్నెండు రోజులకో పదిహేను రోజులకో ఒక కోత వస్తుంది. ఆరేడుగురు ముఠాగా వచ్చి, కొందరు గెలలు కోస్తారు, కొందరు మోసి ట్రాక్టర్‌లో వేస్తారు. ఆ ముఠాకు అతను మేస్త్రీ. పదకొండేళ్లు మా తోటలో కోశాడు.

నడుము పైనుంచి చూస్తే పహిల్వానే. వెడల్పాటి భుజాలు, మెడ దగ్గర కొట్టుకుంటూ కనిపించే నరం, బలమైన చేతులు. కొడవలి కట్టిన పొడవాటి గడ అతని చేతిలో బెత్తంలా ఆడేది. నడుము కింద మాత్రం ఇంకెవరి కాళ్లో తెచ్చి అతికించినట్టుండేవి. సన్నగా, కండ లేకుండా, వెంట్రుకలు కూడా సరిగ్గా మొలవని కాళ్లు. గడ ఎత్తీ ఎత్తీ చేతులు అలా అయ్యాయని అనుకున్నాం. కాళ్ల సంగతి ఎవరూ ఏమీ అనుకోలేదు. ప్యాంటు లోపలుండే కాళ్ల గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

అతని గురించి మా చుట్టుపక్కల తోటలవాళ్లందరూ చెప్పుకునేది ఒకటే. మేస్త్రీ చెట్టును చదువుతాడని. మిగతా కోతగాళ్లు చెట్టు కిందికి రాగానే గడ ఎత్తి లాగేస్తారు. అతను నాలుగు చెట్లు కోసి ఐదో చెట్టు కింద ఆగేవాడు. గడ నేలకు ఆనించి, తలెత్తి, గెలల వంక అలా చూస్తూ నిలబడిపోయేవాడు. రెండు నిమిషాలు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. ఆ తర్వాత, "ఇది ఇప్పుడొద్దు. మల్ల కోతకు తీద్దం" అనేవాడు, లేదంటే ఒక్క దెబ్బకు దింపేవాడు. పచ్చి గెలలు వచ్చాయని ఫ్యాక్టరీ వాళ్లు మా తోటను ఎప్పుడూ మాట అనలేదు. ఆ గొప్ప నేనూ చెప్పుకున్నాను. మా మేస్త్రీ అని, నేను కని పెంచినట్టు.

నాకు వేళాకోళం ఎక్కువ. "ఏం మేస్త్రీ, చెట్టుతో కబుర్లయ్యాయా?" అని కేకేసేదాన్ని.

"అయినయమ్మా. ఇంకో నాల్రోజులు ఆగమంటాంది" అనేవాడు. నవ్వేవాడు కాదు, కళ్లు మాత్రం చిట్లించేవాడు.

మే నెలలో కూడా మేజోళ్లు వేసుకుని, వాటిమీద రబ్బరు బూట్లు తొడిగేవాడు. ముఠా అంతా మధ్యాహ్నం దట్టమైన నీడ చూసుకుని గుండ్రంగా కూర్చుని సద్ది విప్పుకునేవాళ్లు. అతను అందులో ఉండేవాడు కాదు. పామాయిల్ ఆకుల సందులోంచి నేలమీద పడే ఎండ పొడ ఎక్కడుందో చూసుకుని, బూట్లు విప్పి, పాదాలు ఆ పొడలో పెట్టుకుని ఒక్కడే తినేవాడు. పొడ జరిగితే తనూ గిన్నె పట్టుకుని జరిగేవాడు. అన్నం తినేలోపు రెండు మూడుసార్లు జరిగేవాడు. వాళ్ల మాటలూ నవ్వులూ నీడలో, ఇతను ఎండలో. చర్చికి పోతాడు కనుక ప్రార్థన చేసుకుని తింటాడేమో, అందుకే దూరంగా కూర్చుంటాడేమో అనుకున్నాను. ముఠాలో సగం మంది ఆ చర్చికి పోయేవాళ్లేనని నాకు తట్టలేదు. "చలిమంట వెయ్యమంటావా మేస్త్రీ?" అని ఒకసారి దానికీ ఎగతాళి చేశాను.

తలకు తువ్వాలు బిగించి కట్టేవాడు, నుదుటిమీద గీత పడేంత గట్టిగా. అదొక వేషమనుకున్నాం. ఎండలు ముదిరితే ముక్కులోంచి రక్తం కారేది. గడ ఎత్తి పట్టుకుని ఉండగానే చొక్కా మీద ఎర్రగా చుక్కలు పడేవి. అతను గడ దించి, ముక్కు పట్టుకుని, కాలవ గట్టున కూర్చునేవాడు, అదేదో రోజూ వచ్చే బస్సు అన్నట్టు. నాకు అన్నిటికీ మందు తెలుసు కదా. "వేడి చేసింది. మజ్జిగ తాగు, రాత్రికి సబ్జా గింజలు నానబెట్టుకో" అని చెప్పి, సీసాతో మజ్జిగ పంపేదాన్ని. పదకొండు వేసవులు పంపాను. అతను ఒక్కసారి కూడా వద్దనలేదు. తాగి, సీసా కడిగి, మోటారు షెడ్డు గూట్లో పెట్టిపోయేవాడు.

ఒక వానాకాలం, కోత మధ్యలో జోరున వాన పట్టుకుంది. ముఠా వాళ్లు ట్రాక్టర్ తొట్టి కింద దూరారు. అతనూ నేనూ మోటారు షెడ్డులో నిలబడ్డాం. ఏమీ తోచక అడిగాను.

"పెళ్లెందుకు చేసుకోలేదు మేస్త్రీ?"

"చేసుకున్ననమ్మా."

నాకు తెలియదు. పదేళ్లుగా నా తోటలో పనిచేసే మనిషికి పెళ్లయిందని నాకు తెలియదు.

"ఈ తోటకు రాకముందు. ములకలపల్లి దిక్కు పిల్ల. మంచిదే. ఒక ఎండకాలం ఉంది. పండుకున్నప్పుడు నా కాళ్లు తగిల్తే ఉలిక్కిపడి లేచేది. పీనుగ కాళ్ల లెక్కున్నయని ఏడ్సేది. ఒకనాడు పొద్దుగాల లేసేసరికి దిండంతా నెత్తురు, ముక్కులకెల్లి కారింది. గంతే. వాళ్లమ్మను పిలిపించుకొని పోయింది."

"మళ్లీ వెళ్లి పిలవలేదా?"

"దేనికమ్మా? అబద్ధం చెప్పలేదు గదా. భయమైంది, పోయింది." వాన వంక చూస్తూ ఇంకో మాట అన్నాడు. "అప్పటిసంది గోనెసంచిల కాళ్లు పెట్టి పండుకుంట. ఎవలున్నరు గానీ, అలవాటైంది."

పీనుగ అన్న మాట విన్నాక, నిజం చెప్పాలంటే, నేనూ అతని బూట్ల వంక ఒకసారి చూశాను. వాన తగ్గాక అతను గడ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి ఏడు మా మండలంలో వైద్యశిబిరం పెట్టారు. ముఠా అందరినీ ట్రాలీ ఆటోలో నేనే తీసుకెళ్లాను. బడి గదుల్లో బల్లలు వేసుకుని కుర్ర డాక్టర్లు కూర్చున్నారు. మేస్త్రీ వంతు వచ్చినప్పుడు చూసినామె మా చెల్లెలి కూతురి ఈడుది. చేతికి బీపీ పట్టీ కట్టి చూసింది. ఇంకోసారి చూసింది. చాలా ఎక్కువుంది. అక్కడితో బిళ్లలు రాసి పంపేస్తుందనుకున్నాను. ఆమె పంపలేదు. అతని భుజాల వంక, తర్వాత కాళ్ల వంక చూసింది.

"అన్నా, నడిస్తే పిక్కలు పట్టేస్తాయా? కాసేపు ఆగితే తగ్గుతుందా?"

"అవ్ మేడం."

"తలనొప్పి?"

"అవ్."

"ముక్కులోంచి రక్తం?"

"అవ్."

"పాదాలు ఎప్పుడూ చల్లగా ఉంటాయా?"

అతను ఒకసారి నా వంక చూసి, తల దించుకుని, "అవ్" అన్నాడు.

నేను పక్కనే నిలబడి వింటున్నాను. ఆ అమ్మాయి అడిగే ఒక్కో ప్రశ్నకూ, అతని స్వభావమని నేననుకున్నది ఒక్కొక్కటే రోగమైపోతోంది.

ఆమె బూట్లు, మేజోళ్లు విప్పమంది. విప్పాడు. ఆమె వంగి పాదాలు పట్టుకోబోయేసరికి కాళ్లు గబుక్కున కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"వద్దు మేడం. నా కాళ్లు ముట్టొద్దు."

"ముట్టకుండా ఎట్లా చూస్తానన్నా?" అని నవ్వి, ఆమె నేలమీద గొంతుక్కూర్చుని రెండు పాదాలూ రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్లతో నాడి వెతికింది. దొరకలేదు. కళ్లు మూసుకుని మళ్లీ వెతికింది. అతను పక్క గోడమీద రాసిన ఎక్కాల వంక చూస్తున్నాడు. ఎన్నేళ్ల తర్వాత మరో మనిషి చెయ్యి ఆ పాదాలకు తగిలిందో నేను లెక్క వేసుకోగలను.

తర్వాత కాలికి కూడా బీపీ పట్టీ కట్టారు. మామూలుగా కాలి దగ్గర ఇంకాస్త ఎక్కువుండాలట. ఇతనికి సగం కూడా లేదు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఆమె తన తోటివాళ్లను పిలిచింది. గుండె చప్పుడు వీపులోంచి, సన్నటి ఈల కలిసి వినిపిస్తోందట. వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు విన్నారు. అతను చొక్కా చేతిలో పట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. మర్నాడు ఆమె రమ్మన్న ఆస్పత్రిలో తీసిన ఎక్స్‌రేలో పక్కటెముకల కింది అంచులు ఎలక కొరికినట్టు ఉన్నాయి. పెద్ద దారి ఇరుకైతే రక్తం పక్కదారులు వెతుక్కుంటుందని, ఆ చిన్న నాళాలు లావెక్కి ఏళ్ల తరబడి రాసుకుని ఎముకలను కూడా అరగదీస్తాయని ఆ అమ్మాయి చెప్పింది.

అంతా విని అతను అడిగింది ఒక్కటే. "అంటే వేడి కాదా మేడం?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అతనే నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "మన డ్రిప్పుకు గేటువాల్వు సగమే తిప్పినట్టన్నమాట అమ్మా. పైన పైపు ఒత్తిడికి చీల్తది. కింద చెట్టు ఎండ్తది." ఇంకోటి కూడా చెప్పాడు. "చెట్టును సదువుడు గూడ గట్లనే. ముందుగాల పిక్కలు పట్టేస్తే ఆగిన. ఊకె నిలబడితే పనిదొంగ అంటరని తలెత్తి చెట్టు దిక్కు చూసిన. వీనికేందో తెల్సనుకున్నరందరు. ఇగ నేర్చుకోక తప్పలే." అని నవ్వాడు. అతను పళ్లు కనపడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

హైదరాబాద్ పోవాలన్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, ఇరుకున్న చోట జాలీ గొట్టం పెట్టి వెడల్పు చేస్తారట. ఆలస్యం చేయొద్దన్నారు. గడ ఎత్తొద్దన్నారు. వెంట ఒక మనిషి ఉండి సంతకం పెట్టాలన్నారు. రెండు రోజుల తర్వాత అతను మా ఇంటికి వచ్చి గేటు బయట నిలబడ్డాడు.

"తోడు మనిషి కావాలంటున్నరమ్మా. మీరొస్తరా?"

పదకొండేళ్లలో అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేనేమన్నానో రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. "ఈ కోత కానివ్వు మేస్త్రీ" అన్నాను.

"అట్లనే అమ్మా" అన్నాడు.

ఆ కోత అయ్యింది. తర్వాత మా ఆయన మేనల్లుడి పెళ్లి వచ్చింది. అది అయ్యేసరికి ఇంకో కోత వచ్చింది. ఆ రెండు కోతలూ అతనే కోశాడు. గడ ఎత్తొద్దన్న మాట నా చెవులతో నేను విన్నాను. విని కూడా గట్టున నిలబడి చూశాను. ఆపరేషన్ బాగానే జరిగినా, ఏడు నెలలకు తలలో నరం చిట్లి పోయాడు. ఏళ్ల తరబడి పైన పడిన ఒత్తిడి చేయాల్సిన చెడు అప్పటికే చేసేసిందని డాక్టర్లు అన్నారు. ఆ రెండు కోతల కోసం ఆగకుండా ముందే తీసుకెళ్తే బతికేవాడా అని నేను వాళ్లను అడగలేదు. అడగడానికి నాకు ధైర్యం లేదు, ఇప్పటికీ లేదు.

ఆ రెండు కోతల తర్వాత వెళ్లినప్పుడు, హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్చుకునే చోట గుమాస్తా కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"పేషెంటుకు మీరేమైతరు?"

"మేమంటే... మా తోటలో..." అని నేను నసుగుతున్నాను.

"అక్కనా?" అని, జవాబు కోసం ఆగకుండా కొట్టేశాడు. వెనక చాంతాడంత వరస ఉంది. నేను కాదనలేదు. మేస్త్రీ కూడా ఏమీ అనలేదు. కాగితం బయటికొచ్చింది. తోడున్నవారు అని ఉన్న చోట నా పేరు, పక్కన అక్క అని ఉంది.

అతనికి చదవడం వచ్చు. ఆ ఫైలు మంచం పక్కనే ఉండేది. ఆ మూడు రోజుల్లో దాన్ని తీసి చూసుకోవడం నేను చాలాసార్లు గమనించాను. మీవాళ్లెవరని నర్సులు అడిగితే, "అక్క ఉంది, బయట కూసున్నది" అని గట్టిగా చెప్పేవాడు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం అమ్మా అనడం మానేశాడు. అక్కా అని కూడా అనలేదు. ఏ పిలుపూ లేకుండా మాట్లాడేవాడు. నాకు నిజంగా సంతోషంగానే ఉండేది. ఇడ్లీ తెచ్చిపెట్టాను, కొత్త తువ్వాలు కొన్నాను. ఇంత మంచిదాన్నా నేను అని కూడా అనిపించింది.

పక్క మంచం దగ్గర మధిర వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది, భర్తకు తోడుగా. మాటల్లో మాకు దూరపు చుట్టమని తేలింది. మా ఆయన అన్నదమ్ములందరూ ఆమెకు తెలుసు. "ఆ పేషెంటు మీకేమవుతాడు?" అని అడిగింది. "మా తోటలో పని మనిషిలే వదినా, ఎవరూ లేరు పాపం" అన్నాను. వరండాలోనే అన్నాను, అతనికి వినబడదు. "మీది పెద్ద మనసు" అంది ఆమె. నేను కాదనలేదు.

ఆపరేషన్ మర్నాడు పొద్దున డాక్టర్ వచ్చి పాదాల మీద వేళ్లు పెట్టి చూశాడు. "నాడి బ్రహ్మాండంగా ఉంది, ఇక ఫర్వాలేదు" అని వెళ్లిపోయాడు. అతను చాలాసేపు పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"అక్కా" అన్నాడు.

నేను ఉలిక్కిపడి చూశాను.

"ఒక్కసారి పట్టుకొని చూడు. మనిషి కాళ్ల లెక్కనే ఉన్నయ్."

దుప్పటి పక్కకు జరిపి రెండు పాదాలూ నా వైపు పెట్టాడు. వేళ్లు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి. చెయ్యి చాస్తే అందే దూరం. మధిరామె నారింజ తొనలు వలవడం ఆపి మా వంకే చూస్తోంది. నా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. అతని పాదాలు చల్లగా లేవు, శుభ్రంగా ఉన్నాయి, వాటికి రోగం లేదు. నా చెయ్యి లేవకపోవడానికి కారణం నాలోనే ఉంది, అది ఏమిటో నాకు తెలుసు.

"ఉండు, సిస్టర్‌ను పిలుస్తా. ఆమెకైతే బాగా తెలుస్తుంది" అని లేచాను. గబగబా వార్డు చివరిదాకా నడిచాను.

నర్సును వెంటబెట్టుకుని తిరిగి వచ్చేసరికి పాదాలమీద దుప్పటి కప్పి ఉంది.

"ఏమైందన్నా? నొప్పి వస్తోందా?" అని నర్సు అడిగింది.

అతను నా వంక చూడలేదు. నన్ను కాపాడాలనుకున్నాడు.

"నాకేం గాలే సిస్టర్. అమ్మగారికి దూపైతాందంట. జర్ర నీళ్లియ్యి."

నర్సు విసుక్కోకుండా గ్లాసు నింపి నా చేతిలో పెట్టింది. నాకు దాహంగా లేదు. అక్కడే నిలబడి మొత్తం తాగాను.